పాలపళ్ళే కదా

నిన్న మా బస్సును నార్కట్‌పల్లి దగ్గర చాయ్ కోసం ఆపారు. నా పక్క సీటులో ఒక పిల్లతల్లి కూర్చుని ఉంది. ఒళ్ళో రెండేళ్ళు కూడా నిండని పిల్లవాడు. ఆమె కిందికి దిగి నారింజరంగు కూల్‌డ్రింక్ కొనుక్కొచ్చి, గ్యాసు పోయేదాకా బాగా ఊపి, దాన్ని పాలసీసాలో పోసి వాడి నోటికందించింది. వాడు కళ్ళు అరమూసి జుర్రుకోవడం మొదలుపెట్టాడు. వాడి పై పళ్ళు చిగుళ్ళ దగ్గర అప్పుడే రంగు మారి గరుకుబారి ఉన్నాయి.

నేను ఊరుకుంటే సరిపోయేది. బస్సుల్లో, పెళ్ళిళ్ళలో తెలియనివాళ్ళకు బుద్ధులు చెప్పొద్దని మా ఆయన ఎన్నిసార్లు మొత్తుకున్నాడో లెక్కలేదు. అయినా నోరాగలేదు.

"పాలసీసల గది పొయ్యకు చెల్లే. పండ్లు కరాబైతయ్" అన్నాను.

ఆమెకు కోపం కూడా రాలేదు. నవ్వింది. "పాలపండ్లే కదక్కా. ఎట్లన్న ఊడిపోయేటియే, మల్ల రావా" అంది.

వస్తాయి. ఎందుకు రావు. మిగిలిన దారంతా నేను కిటికీలోంచి బయటికి చూస్తూ పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఈ ఒక్క మాటతో ఒకప్పుడు మా ఇంటిల్లిపాదీ, మా వాడకట్టంతా కలిసి నన్ను ఎంత విసిగించారో ఆమెకేం తెలుసు.

తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి. నాకు పది, పదకొండేళ్ళుంటాయి. మాది నల్గొండకు పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రాగలిగే దూరంలో ఒక చేనేత ఊరు. మా ఇంట్లో ముందుగదే మగ్గం గది. గుంటలో కాళ్ళు పెట్టుకుని నాయిన నేసేవాడు. పక్కన ఇంకో మగ్గం మీద అమ్మ. నూలుకు పట్టించిన గంజి వాసన, రంగుల ఘాటు, మూలన అవ్వ కాచే చాయ్‌లో దంచి వేసిన అల్లం వాసన, అన్నీ కలిసి ఒకటే వాసనగా ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త నేతచీర మడత విప్పితే నాకు ముందు అల్లం చాయ్ గుర్తొస్తుంది. దాని వెనకే చక్కెర డబ్బా. చక్కెర డబ్బా గుర్తొస్తే చిరాకు.

మా ఊరి నీళ్ళ గురించి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. బోరు నీళ్ళలో ఫ్లోరైడు. ఊళ్ళో ఎవరు నోరు తెరిచినా పళ్ళు ఇటుకపొడి పట్టించినట్టు ఉండేవి. మా నాయిన పళ్ళ మీద గోధుమరంగు గీతలు. అమ్మవీ అంతే. అవ్వకు నడుము బిగుసుకుపోయి, పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాల్సి వచ్చేది. నా పళ్ళు కూడా ఆ నీళ్ళవే. వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చిన మా టీచరు ఒకరోజు నన్ను లేపి, "పొద్దున పళ్ళు తోముకోవా?" అని అందరి ముందు అడిగింది. వేపపుల్లతో చిగుళ్ళు రక్తాలు కారేలా తోమినా అవి పోయేవి కావని ఆమెకు ఎవరు చెప్పాలి. ఇంటికొచ్చి ఏడిస్తే నాయిన పోగుల మధ్య నాడె విసరడం ఆపి నా గడ్డం పట్టుకుని పళ్ళు చూశాడు.

నా తర్వాత చాలా ఏళ్ళకు చెల్లె పుట్టింది. దాని పళ్ళైనా తెల్లగా ఉండాలని నాయిన పట్టుబట్టాడు. పక్క ఊళ్ళో నీళ్ళ ప్లాంటు ఉండేది. రోజూ పొద్దున్నే సైకిలు వెనక డబ్బా కట్టుకుని వెళ్ళి ఆ నీళ్ళు తెచ్చేవాడు. ఎండాకాలం లేదు, ముసురు లేదు. జ్వరమొచ్చిన రోజు కూడా వెళ్ళాడు. ఆ నీళ్ళు చెల్లెకు మాత్రమే. మిగతావాళ్ళం బోరు నీళ్ళే. నేను ఎవరూ చూడనప్పుడు ఒక గ్లాసు ముంచుకుని తాగేదాన్ని. మా నీళ్ళలా బరువుగా ఉండేవి కావు. ఏ రుచీ లేదు. ఇంత చప్పటి నీళ్ళ కోసం నాయిన ఇంత తొక్కడమెందుకో అనిపించేది.

ఇక అసలు సంగతి. నాయిన అంత దూరం నుంచి తెచ్చిన ఆ మంచి నీళ్ళను అమ్మ పాలసీసాలో పోసి, అందులో రెండు చెంచాల చక్కెర వేసి కలిపేది.

పాలు పొద్దున ఒక్కసారే. మిగతా పొద్దంతా ఈ చక్కెర నీళ్ళే. మగ్గం పక్కన బొంత మీద చెల్లెను కూర్చోబెట్టి సీసా చేతికిస్తే, అది చప్పరిస్తూ, నాడె అటూ ఇటూ పోవడం చూస్తూ, అట్లాగే ఒరిగి నిద్రపోయేది. సీసా నోట్లోనే ఉండేది. తీస్తే లేచి ఏడుపు. మూడేళ్ళు దాటి నాలుగో ఏడు నడుస్తున్నా దానికి సీసా పోలేదు.

సీసా ఒక్కటే అయితే ఒక ఎత్తు. అవ్వ తన చాయ్‌లో టోస్టు ముంచి దాని నోట్లో పెట్టేది. వీధి చివర దుకాణం మామ చిల్లర లేదంటూ రూపాయికి బదులు చాక్లెట్ చేతిలో పెట్టేవాడు. నూలు ఇచ్చి చీరలు పట్టుకుపోయే సావుకారి వచ్చినప్పుడల్లా జేబులోంచి లాలీపాప్ తీసి, "ఏమే బుజ్జీ, మీ నాయిన నేస్తుండా, పంటుండా?" అని నవ్వుతూ ఇచ్చేవాడు. ఎదురింటి పెద్దమ్మ దగ్గర ఎప్పుడూ క్రీము బిస్కెట్లు. చెల్లె బొద్దుగా, ముద్దుగా ఉండేది. దాన్ని చూసినవాళ్ళకు ఏదో ఒకటి తినిపించకపోతే చేతులు ఊరుకునేవి కావు. ఎవరూ ఒక జామకాయ ముక్కో, నాలుగు పల్లీలో పెట్టిన పాపాన పోలేదు.

దాని పై పళ్ళు ముందు సున్నం రంగుకు తిరిగాయి. తర్వాత పసుపు. ఆ తర్వాత నల్లబడి, అంచులు విరుగుతూ చిగుళ్ళ దాకా అరిగిపోయాయి. నవ్వితే ముందు నాలుగు నల్ల మొలకలు కనబడేవి.

నాయిన చూసి కుప్పకూలిపోయాడు. ఆయనకు ఒకటే అనుమానం. నీళ్ళు. నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని ప్లాంటు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ నీళ్ళు పట్టే అతన్ని నిలదీశాడు.

"నిజం చెప్పు. బోరు నీళ్ళే నింపి ఇస్తున్నవా నాకు?"

"గదేం మాటన్నా. మా పిల్లలు గూడ గివే తాగుతరు" అన్నాడతను.

"మరి నా బిడ్డ పండ్లు గట్లెందుకైనయ్?"

"నాకేమెరుకనే. నేను నీళ్ళు పోస్తున్న గని పండ్లు చూస్తున్ననా?"

ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. చివరికి అతను మిషను మూత తీసి లోపలి గొట్టాలన్నీ చూపించాడు. నాయినకు వాటిలో ఏమీ అర్థం కాలేదు. తిరిగొచ్చేటప్పుడు ఇంకా దూరంగా ఉన్న వేరే ప్లాంటుకు మారాలని నిర్ణయించుకున్నాడు. మారాడు కూడా. ఇంకాస్త ఎక్కువ తొక్కి, ఇంకాస్త మంచి నీళ్ళు తెచ్చాడు. అమ్మ వాటిలో అదే రెండు చెంచాలు కలిపింది.

ఆ రోజుల్లోనే మా బడిలో పళ్ళ డాక్టర్ల క్యాంపు పెట్టారు. అంగన్‌వాడీ పిల్లలను కూడా తీసుకురమ్మన్నారు. చెల్లెను నేనే ఎత్తుకెళ్ళాను. తెల్లకోటు వేసుకున్న ఒక చిన్నవయసు డాక్టరమ్మ టార్చి వేసి దాని నోరు చూసింది. తర్వాత నా నోరు కూడా చూసింది. నా గీతలు నీళ్ళవల్ల వచ్చినవని, చెల్లె పళ్ళకు నీళ్ళతో సంబంధమే లేదని, అవి తీపివల్ల పుచ్చిపోయాయని చెప్పింది.

"నిద్రపోయేటప్పుడు నోట్లో సీసా ఉంటుందా?" అని అడిగింది.

ఉంటుందన్నాను.

"అది మాన్పించండి. ముందు అది మాన్పించండి. మీ అమ్మకు చెప్పు, సరేనా?"

ఆమె ఆ మాట అంటుండగానే బయట చప్పట్లు వినిపించాయి. క్యాంపు మొదలుపెట్టడానికి వచ్చిన పెద్దమనిషి పుట్టినరోజు కూడా ఆ రోజేనట. ఆయన మనుషులు పిల్లలందరికీ చాక్లెట్లు పంచారు. చూపించుకుని వచ్చిన ప్రతి పిల్లకూ ఒక చేతిలో డాక్టర్లిచ్చిన బ్రష్షు, పేస్టు. ఇంకో చేతిలో గుప్పెడు చాక్లెట్లు. ఫొటో తీశారు. డాక్టరమ్మ కూడా ఫొటోలో నిలబడింది. ఆమె మొహం ఎట్లా ఉందో నాకు ఇంకా గుర్తుంది. నా మొహం కూడా అట్లాగే ఉండి ఉంటుంది.

ఇంటికొచ్చి ఒక్క అక్షరం పోకుండా అంతా అప్పజెప్పాను. అవ్వ చాయ్ గిన్నె దించుతూ విన్నది.

"చక్కెర తింటేనే పండ్లు పోతే సావుకారి పిల్లలకు నోట్లె ఒక్క పన్ను మిగల్దు. నాలుగు పూటల మిఠాయిలే తింటరు వాళ్ళు" అంది.

"వాళ్ళు తిన్నంక తోముకుంటరవ్వా. సీస నోట్లె పెట్టుకోని పండరు."

"నీకెవరు చెప్పిండ్రే?"

"డాక్టరమ్మ చెప్పింది."

"ఆ పిల్లకు పెండ్లన్న అయిందా? పిల్లల్ని పెంచిందా ఆమె?" అంది అవ్వ. అక్కడితో వైద్యశాస్త్రం అయిపోయింది. చివరగా ఆ మాట కూడా కలిపింది. "పాలపండ్లే కదా. ఊడుతయ్, మల్ల వస్తయ్. దానికింత లొల్లెందుకు."

అమ్మ మగ్గం మీదికి వంగి తెగిన పోగు ముడివేసుకుంటోంది.

ఇక నేనే పూనుకున్నాను. పొద్దున్నే చెల్లెను పట్టుకుని బ్రష్షు పెడితే అది పేస్టు మింగేసేది. ఆ పేస్టు కూడా తియ్యగానే ఉండేది. ఒకరోజు చూద్దును కదా, ట్యూబు పిండుకుని మొత్తం తినేసి, నురగ నోటితో నన్ను చూసి నవ్వుతోంది. చక్కెర డబ్బాను నూలు కండెల బుట్ట అడుగున దాచిపెట్టాను. చీమలు బారులు తీరి అవ్వకు దారి చూపించాయి. దుకాణం మామ దగ్గరికి వెళ్ళి మా చెల్లెకు చాక్లెట్లు ఇవ్వొద్దన్నాను. ఆయన నావైపు జాలిగా చూసి, "నీకియ్యలేదనా కోపం?" అని నా చేతిలో కూడా ఒకటి పెట్టాడు.

అన్నీ అయ్యాక వేపాకు నూరి, ఆ రసం సీసా పీకకు పట్టించాను. చెల్లె ఒక్కసారి నోట్లో పెట్టుకుని ఊసేసి గుక్కపట్టింది. ఎత్తుకున్నా ఆగలేదు, ఆడించినా ఆగలేదు. ఏడుస్తూ పరుగెత్తి వెళ్ళి మగ్గం పోగులు పట్టుకుని లాగింది. ఎన్ని పోగులు తెగాయో. అమ్మ గుంటలోంచి పైకి వచ్చి నా వీపు మీద ఒక్కటి వేసింది. తర్వాత అక్కడే నేల మీద కూలబడింది.

"నా రెండు చేతులు మగ్గం మీదుండె. రెండు కాళ్ళు గుంటలుండె. దీన్ని దేంతోని పట్టుకోవాలె నేను? నువ్వు చెప్పు. బడికి పోయి మస్తు నేర్చుకొస్తున్నవ్ గద, గది గూడ చెప్పు" అంది.

క్యాంపులో అది చెప్పలేదు.

పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. సావుకారి తొందర పెడుతున్నాడు. అమ్మా నాయినా పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచేవారు కాదు. అప్పుడే చెల్లె చెంప వాచింది. అన్నం నమలనంది. చెయ్యి చెంప మీద పెట్టుకుని మూలుగుతూ తిరిగేది. అవ్వ లవంగం నూరి పెట్టింది. పసుపు, ఉప్పు కలిపి పట్టు వేసింది. ఏడుపు ఆపడానికి నోట్లో కొంచెం బెల్లం కూడా పెట్టింది.

మరునాడు మిట్టమధ్యాహ్నం వీధిలోంచి కేక వినబడింది. "పండ్ల పురుగులు తీస్తమమ్మా, చెవుల పురుగులు తీస్తం." సంచి భుజాన వేసుకుని ఊరూరూ తిరిగే ఆడమనిషి. అవ్వకు దేవుడే పంపించినట్టయింది. లోపలికి పిలిచి పీట వేసింది.

ఆమె నిప్పులు అడిగింది. వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో ఇటుకముక్క మీద నిప్పులు పెట్టి, వాటి మీద నూనె తడిపిన వాకుడు గింజలు చల్లింది. పొగ లేచింది. చెల్లెను వంచి, తల మీద గుడ్డ కప్పి, నోరు తెరిచి ఆ పొగ పట్టమంది. అది దగ్గి దగ్గి ఏడ్చింది. కాసేపటికి గుడ్డ తీసి నీళ్ళు చూపించింది. సన్నగా, తెల్లగా, వంకర తిరిగిన పురుగులు తేలుతున్నాయి.

వాడకట్టంతా గుమిగూడింది. ఎదురింటి పెద్దమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఇన్నున్నయా పిల్ల నోట్లె" అంటూ ఒకరి తర్వాత ఒకరు పళ్ళెంలోకి తొంగిచూశారు. అవ్వ ఆమెకు బియ్యం పోసి, పాత చీర ఇచ్చి పంపింది. తర్వాత నావైపు తిరిగి, "చూసినవా? చక్కెరంట చక్కెర" అంది.

నాకు మనసొప్పలేదు. ఆ ఆడమనిషి చల్లిన గింజలు కొన్ని పీట కింద పడి ఉన్నాయి. అందరూ వెళ్ళాక వాటిని ఏరి, పెరట్లో ఒక మూకుడులో నీళ్ళు పోసి, ఇటుకముక్క మీద నిప్పు పెట్టి ఆమె చేసినట్టే చేశాను. గింజలు చిటపటమని పగిలాయి. వాటిలోంచి సన్నటి తెల్లటి మొలకలు ఎగిరి నీళ్ళలో పడ్డాయి. అవే. అక్కడ ఎవరి నోరూ లేదు, ఎవరి పళ్ళూ లేవు.

మూకుడు పట్టుకుని అవ్వ దగ్గరికి పరుగెత్తాను. "చూడవ్వా. పురుగులు గింజలల్లకెల్లి వస్తున్నయ్. చెల్లె నోట్లకెల్లి కాదు."

అవ్వ నిదానంగా వంగి చూసింది. మెడ తిరగదు కనుక మనిషంతా వంగింది.

"అవ్ బిడ్డా, ఇవి గింజల పురుగులే" అంది. "పండ్ల పురుగులు వేరే ఉంటయ్. అవి ఇందాక పోయినయ్."

ఆ మూకుడును నేలకేసి కొట్టాలనిపించింది. కొడితే నా వీపు మీద ఇంకో దెబ్బ. నీళ్ళు పారబోసి ఊరుకున్నాను.

పురుగులు పోయిన చెల్లెకు వాపు మాత్రం పోలేదు. తెల్లారేసరికి చెంప మీది నుంచి కంటి దాకా పాకింది. కుడి కన్ను మూసుకుపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. అన్నిటికన్నా భయం వేసిందేమిటంటే, అది ఏడవడం మానేసింది. సీసా నోటికిస్తే పట్టుకోలేదు. అప్పుడు నాయిన మగ్గం దిగాడు. సావుకారి మనిషి గుమ్మంలో నిలబడి ఏదో అంటున్నా వినకుండా చెల్లెను భుజాన వేసుకుని బయలుదేరాడు. వెనక అమ్మ, సంచితో నేను.

నల్గొండ దవాఖానలో చూసి పళ్ళ కాలేజీ దవాఖానకు పొమ్మన్నారు. బస్సు మారి వెళ్ళేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. దారి పొడుగునా చెల్లె అమ్మ ఒళ్ళో తడిగుడ్డలా వేలాడుతూ ఉంది. నేను ఊరికే దాని కాలివేళ్ళు గిల్లుతున్నాను, కదులుతుందేమోనని. కదిలినప్పుడల్లా అమ్మ నావైపు చూసేది. వద్దనలేదు.

అక్కడ జుట్టు నెరిసిన డాక్టరమ్మ ఒకామె చూసింది. చూస్తూనే లోపలికి పంపి సూది మందులు మొదలుపెట్టించింది. తర్వాత మా దగ్గరికొచ్చి, చీము పంటి వేరు నుంచి పైకి ఎక్కిందని, ఇంకా ఆలస్యం చేసి ఉంటే కంటికే కాదు, ప్రాణానికే వచ్చేదని చెప్పింది. నాయిన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడం, పుట్టినప్పటి సంది ప్లాంటు నీళ్ళే తాపినం. ఒక్కరోజు గూడ బోరు నీళ్ళు పొయ్యలే" అన్నాడు.

"నీళ్ళు మంచివే పోశారు. అందులో ఏం కలిపారు?" అంది ఆమె.

నాయిన అమ్మవైపు చూశాడు. అమ్మ నేలవైపు చూసింది. "చక్కెర" అని నేనే అన్నాను.

అమ్మ కొంగుతో మూతి తుడుచుకుని మెల్లగా అంది. "మగ్గం మీద కూసుంటే పిల్ల ఊకుంటలేదు మేడం. కూసోకుంటే ఇల్లు గడవది."

తిడుతుందనుకున్నాను. ఆమె తిట్టలేదు. "తెలుసమ్మా. ఇక్కడికి వచ్చేవాళ్ళు అందరూ ఏదో ఒక పని మీద ఉన్నవాళ్ళే" అంది. ఆమె గొంతులోనూ విసుగే ఉంది. అది మా మీదదిగా అనిపించలేదు.

కొన్నాళ్ళు అక్కడే ఉంచుకున్నారు. వాపు తగ్గాక ముందు పళ్ళు నాలుగూ, దవడ పన్నొకటీ తీసేశారు. నాయిన బయట గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. లోపలి నుంచి చెల్లె ఏడుపు వినిపించగానే ఆయన మొహంలోకి ప్రాణం వచ్చింది. ఏడుస్తోందంటే బతికిందని.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ జాగ్రత్తలన్నీ చెప్పింది. సీసా పూర్తిగా బంద్. తిన్నాక నోరు కడగాలి. ఇంట్లో పెద్దవాళ్ళే బ్రష్షు పెట్టాలి. చివరగా, పీకినచోట నొప్పిగా ఉంటుంది కనుక ఈ రెండు రోజులు చల్లగా ఐస్‌క్రీం లాంటిది పెట్టొచ్చంది. అన్ని మాటల్లో నాయినకు అదొక్కటే చక్కగా గుర్తుంది. బస్టాండులో కప్పు ఐస్‌క్రీం కొన్నాడు. ఇంటికెళ్ళాక అవ్వకు ముందు అదే చెప్పాడు.

అవ్వ మొహం వెలిగిపోయింది. "చూసినవా" అంది నాతో. "అంత పెద్ద డాక్టరమ్మనే తీపి పెట్టుమన్నది."

కొందరితో వాదించడానికి పుట్టుకతోనే ఒక ఓపిక కావాలి. నాకది లేదు.

అయినా సీసాను మాత్రం అమ్మ ఆ రోజే పొయ్యిలో పడేసింది. ఆ వారమంతా చెల్లె ఇల్లు పీకి పందిరేసింది. అమ్మ మగ్గం వదిలేసి దాన్ని చంకన వేసుకుని తిరిగింది. సావుకారి వచ్చి గొణిగి వెళ్ళాడు. ఆయన చేతిలోని లాలీపాప్‌ను అమ్మ వాకిట్లోనే ఆపింది. "వద్దు సేటూ" అంది. ఆయన బిత్తరపోయాడు. అమ్మ ఆయనకు ఎదురు చెప్పడం నేను చూడటం అదే మొదలు. చాక్లెట్లు, టోస్టులు పూర్తిగా ఆగలేదు కాని తగ్గాయి. నేను తోముతానంటే చెల్లె నోరు తెరవడం నేర్చుకుంది.

ముందు పళ్ళు లేక దాని మాటలన్నీ గాలిపోయేవి. బడిలో వేస్తే పిల్లలు తొర్రి అన్నారు. జామకాయ కొరకలేక పక్కపళ్ళతో గీరుకుని తినేది. తొర్రి ఎన్నాళ్ళుంటుందిలే, వస్తాయి కదా అని అందరూ అన్నారు. పీకేసిన వాటి పక్క పళ్ళు చోటు దొరికింది కదా అని జరిగి కూర్చున్నాయి. కొత్తవాటికి చోటు మిగల్లేదు.

ఇప్పుడా మగ్గాలు లేవు. నాయిన నల్గొండలో ఒక బట్టల దుకాణంలో మిషను మీద నేసిన చీరలు మడతపెడుతున్నాడు. గుంటలు పూడ్చి టైల్స్ వేయించారు. ఇంటింటికీ నల్లా వచ్చింది, కృష్ణ నీళ్ళు. సైకిలు మీద డబ్బా కట్టాల్సిన పని ఎవరికీ లేదు. చెల్లె కాలేజీకి వెళుతోంది. దాని ముందు పళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి. ఫొటోలో పెదాలు మూసుకుని నవ్వుతుంది. పళ్ళు సరిచేసే తీగ వేయించుకుంటానని నాయినను అడుగుతోంది. అవ్వ పోయి చాలా కాలమైంది. ఆమెతో చేయాల్సిన వాదనలు నా దగ్గర ఇంకా బోలెడు మిగిలే ఉన్నాయి.

వాటిలో ఒకటి, చెల్లెకు మొదటి కొత్త పన్ను వచ్చిన రోజుది.

ఆ పొద్దున తల దువ్వుతుంటే నేనే చూశాను. చిగురు చీల్చుకుని తెల్లగా ఒక అంచు. కేక పెట్టాను. నాయిన మగ్గం దిగి వచ్చి, చెల్లెను గుమ్మం బయట ఎండలోకి తీసుకెళ్ళి, పెదవి పైకెత్తి చూశాడు. కొంచెం వంకరగానే ఉంది. అయితే దాని మీద గీత లేదు, మచ్చ లేదు. తడిగా, బియ్యపు గింజలా మెరుస్తోంది. నాయిన గీతలు పడ్డ తన పళ్ళను నాలుకతో తడుముకుంటూ ఎంతసేపు చూశాడో. "నీళ్ళు మోసింది దండుగ కాలే" అన్నాడు చివరికి, ఎవరితోనో తెలియకుండా.

అవ్వ కర్ర పట్టుకుని వచ్చి మనిషంతా వంగి చూసింది. "మా ఇంట్ల తెల్ల పన్ను చూసుడు నాకిదే మొదలు" అంది. ఆమె కళ్ళు చెమర్చాయి. అమ్మవీ అంతే. ఇన్నాళ్ళకు ఈ ఇంట్లో ఒక్క పన్ను సరిగ్గా వచ్చింది కదా అనుకున్నాను.

"ఇంత మంచి పొద్దు, నోరు తీపి చెయ్యకుంటె ఎట్లనే" అంటూ అవ్వ లోపలికి వెళ్ళింది. చక్కెర డబ్బాతో తిరిగొచ్చి, గుప్పెడు తీసి చెల్లె నోట్లో పోసింది. సరిగ్గా ఆ పన్ను మీద. ఆపడానికి నేను నోరు తెరిచాను.

తెరిచిన నోట్లో మిగిలింది పోసింది.